పిల్లల కడుపులో నులిపురుగులు: వాయువిడంగాలా, ఆల్బెండజోల్ మాత్రా? ఏది మేలు?

పురుగును చంపడం ఒక పని, అది మళ్లీ కడుపులో చేరకుండా చూడడం మరొక పని. ఈ రెండింటినీ విడదీసి చూడకపోవడం వల్లనే బడిలో ఇచ్చే ఆల్బెండజోల్ మాత్ర మంచిదా, ఆయుర్వేద వైద్యుడిచ్చే వాయువిడంగాల చూర్ణం మంచిదా అన్న వాదన తెగడం లేదు.

2015లో మొదలైన జాతీయ నులిపురుగుల నివారణ కార్యక్రమం కింద రెండేళ్లలోపు పిల్లలకు 200 మిల్లీగ్రాములు, ఆపైన 19 ఏళ్ల వరకు 400 మిల్లీగ్రాముల ఆల్బెండజోల్ ఇస్తున్నారు. ఏడాది నిండని శిశువులకు ఇవ్వరు. ఈ మందు పురుగు గ్లూకోజును పీల్చుకోకుండా అడ్డుపడి, దాన్ని ఆకలితో చంపుతుంది. ఏలిక పాముల (పొడవాటి గుండ్రని పురుగుల) మీద ఒక్క మోతాదే బాగా పనిచేస్తుంది గాని, కొరడా పురుగుల మీద దాని ప్రభావం అంతంతమాత్రమే. రాత్రిపూట ఆసనం దగ్గర దురద పెట్టే సన్నని తెల్లపురుగులకైతే రెండు వారాల తరువాత మరో మోతాదు వేయాలి, ఇంటిల్లిపాదీ వేసుకోవాలి.

ఆయుర్వేదంలో ఈ వ్యాధికి ప్రధాన ఔషధం వాయువిడంగాలనే చిన్న ఎండు కాయలు. మోదుగ గింజలు, వేప, వాము దానికి తోడుగా వస్తాయి. పురుగులను పడగొట్టేందుకు ఆముదం వంటి విరేచనం కూడా ఇస్తారు. ఈ మూలికలకు పురుగులను చంపే గుణం ఉన్నట్లు ప్రయోగశాలల్లో కనిపించిన మాట నిజమే. అయితే ఏ వయసు బిడ్డకు ఎంత ఇస్తే ఎన్ని పురుగులు పోతాయో ఆల్బెండజోల్‌కు తేలినంత స్పష్టంగా వీటికి తేలలేదు. పైగా అంగడిలో వాయువిడంగాల పేరుతో వేరే జాతుల కాయలు కూడా అమ్ముతారు కనుక, ఇంట్లో చిటికెడు లెక్కన ఇచ్చే చూర్ణాన్ని నమ్ముకోలేము. క్రిమిముద్గర రసం అనే ఆయుర్వేద మందు సంగతి మరీ జాగ్రత్తగా చూడవలసినది. అందులో శుద్ధి చేసిన పాదరసం, విషగుణమున్న ముష్టి గింజలు ఉంటాయి. అర్హుడైన వైద్యుని పర్యవేక్షణ లేకుండా దాన్ని పసివాళ్ల నోట్లో వేయడం ఎంతమాత్రం తగదు. తేనెతో కలిపి ఇవ్వమన్న మందు ఏదైనా సరే, ఏడాదిలోపు శిశువుకు పనికిరాదు.

అందుచేత పురుగులను చంపే పనికి నేను మాత్రనే ఎంచుకుంటాను. కానీ ప్రాచీన ఆయుర్వేద గ్రంథమైన చరక సంహితలో విమానస్థానమనే భాగంలో చెప్పిన చికిత్సాక్రమం ముందు మాత్ర ఒక్కటే చిన్నబోతుంది. పురుగులను బయటికి తీయడం, అవి పెరిగే పరిస్థితిని చెరపడం, ఆ తరువాత కారణాన్నే మానుకోవడం అని అక్కడ మూడు అంచెలున్నాయి. మూడవదైన నిదాన పరివర్జనాన్ని నేటి కళ్లతో చూస్తే మరుగుదొడ్డి వాడకం, సబ్బుతో చేతులు కడగడం, గోళ్లు కత్తిరించడం, కాళ్లకు చెప్పులు అని చదువుకోవచ్చు. కొంకి పురుగు పిల్ల బురదనేలలోంచి పాదం చర్మాన్ని తొలుచుకుని లోపలికి వస్తుంది. రక్తం పీల్చి బిడ్డను పాలిపోయేలా చేస్తుంది. ఉత్త కాళ్లతో తిరిగే బిడ్డకు ఆరు నెలలకొక మాత్ర వేసినా ఆ పురుగు మళ్లీ చేరుతూనే ఉంటుంది.

కడుపు ఉబ్బి, వాంతులతో మెలికలు తిరిగే బిడ్డకు మాత్ర గాని చూర్ణం గాని ఇంట్లో ఇవ్వకూడదు. ఏలిక పాములు ఉండకట్టి పేగుకు అడ్డుపడి ఉండవచ్చు కనుక వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లాలి.