ఎక్కినవాళ్లే రాయాలన్న షరతు: ఏళ్ల తరబడి వాడాక నా మాట

డెన్వర్ వచ్చినప్పటి నుంచి ఏ కొండకు బయల్దేరినా ముందు చదివేది సమ్మిట్‌పోస్ట్ లాంటి సైట్లే. అక్కడ మామూలు సభ్యులే కొండకో పేజీ, దారికో పేజీ రాస్తారు, ఎక్కొచ్చినవాళ్లు లాగ్‌లో తేదీ వేసి నాలుగు ముక్కలు రాసిపోతారు. స్వయంగా ఎక్కని కొండ గురించి రాయకూడదు అనే పట్టింపు ఇలాంటి చోట్ల గట్టిగానే ఉంటుంది. ఎత్తు, పర్మిట్, పార్కింగ్ లాంటివి ఇంట్లో కూర్చుని కూడా రాయొచ్చు కదా, మరీ ఇంత బిగింపు ఎందుకు అనుకునేవాళ్లకు కొలరాడోలోని లాంగ్స్ పీక్ (14,259 అడుగులు) చూపిస్తాను.

దాని కీహోల్ రూట్ గురించి, అక్కడివీ ఇక్కడివీ పోగేసి అతికించిన ఒక వ్యాసంలో, కీహోల్ (దారిలో వచ్చే పెద్ద రాతి కంత) చేరితే దాదాపు అయిపోయినట్టే అని ఉంది. నిజమే, అక్కడి నుంచి శిఖరానికి మైలుకు కాస్త పైన, మ్యాప్‌లో చూస్తే అదెంత అనిపిస్తుంది. కానీ అసలు పని మొదలయ్యేదే అక్కడ! ఆ రాతి కంతలోంచి అవతలికి దాటి ఎడమకు తిరిగితే కుడి పక్కన లోయ, రాళ్ల మీద పసుపు, ఎరుపు రంగులతో వేసిన గుండ్రటి గుర్తులు వెతుక్కుంటూ అంచుల వెంట నడవాలి, తర్వాత ట్రఫ్ అనే నిట్టనిలువు గాడి, దాని కొసన ఇరుక్కున్న బండ దగ్గర చేతులు వాడక తప్పదు. ఆఖరున నున్నటి పలకరాళ్లు, తడిస్తే ఒకటే జారుడు. కింద వచ్చేవాళ్ల మీద రాళ్లు దొర్లించకండి అనే మాట వెళ్లొచ్చినవాడికే తడుతుంది.

కొలరాడోలోనే ఉన్న క్యాపిటల్ పీక్ సంగతి ఇంకా ఘోరం. దిగేటప్పుడు కింద సరస్సు కనిపిస్తూ ఉంటుంది, పక్కనున్న కొండగాడి దగ్గరి దారిలా ఊరిస్తుంది, కొంత దిగాక నిలువు కొండచరియ. 2017 వేసవిలో ఆ కొండ మీద ఐదుగురు పోయారు, వాళ్లలో కొందరు ఇలా అడ్డదారిన దిగబోయినవాళ్లే.

అలాగని ఈ షరతు ఒక్కటే చాలదు. పదిహేనేళ్లుగా రాళ్లు పాకుతున్న మనిషి ‘ఈజీ’ అని రాస్తే నేను నమ్మను, మీరూ నమ్మకండి. ఆగస్టులో ఎండిన రాతి మీద ఎక్కినవాడి అనుభవం జూన్‌లో అదే గాడి నిండా మంచు ఉన్నప్పుడు పనికిరాదు. అందుకే నేను పేజీ పైనున్న వర్ణన కంటే లాగ్‌లోని తేదీలే ముందు చూస్తాను.

ఇంకొకటి, శిఖరం ముట్టినవాళ్లకే పెద్దపీట వేయడం నాకు నచ్చదు. మధ్యాహ్నం ఉరుములు మొదలై వెనక్కి తిరిగినవాళ్లు రాసిన రిపోర్టులే నాకు ఎక్కువ అక్కరకొచ్చాయి: మబ్బు ఎన్నింటికి పట్టింది, ఎక్కడి నుంచి తిరిగారు, దిగడానికి ఎంతసేపు పట్టింది, అన్నీ ఉంటాయి. ఎక్కేసినవాళ్లు మాత్రం చాలాసార్లు ఫొటో పెట్టి ‘సూపర్ డే’ అని వెళ్లిపోతారు.

మార్కులంటారా, 5కి 4. ఎప్పుడు ఎక్కారో చెప్పని పేజీలకు ఆ ఒక్కటి కోత.