బరువు కన్నా వెడల్పే నా బెంగ: మాజ్డా ఎంఎక్స్-5 వాడకం నుంచి కొత్త తరం కారు మీద ఆశలు

పైకప్పు తెరుచుకునే రెండు సీట్ల చిన్న స్పోర్ట్స్ కారు మాజ్డా ఎంఎక్స్-5. దాని తర్వాతి తరం గురించి మాట వచ్చినప్పుడల్లా అందరూ ఒకే ప్రశ్న అడుగుతారు: బరువు వెయ్యి కిలోలు దాటుతుందా, దాటదా? నాలుగో తరం కారును కొన్నేళ్లుగా రోజూ నడుపుతున్న నాకు బెంగ వేరేచోట ఉంది. నాది 1.5 లీటర్ల ఇంజిన్, ఆరు గేర్ల మాన్యువల్, గుడ్డ పైకప్పు ఉన్న రకం. బరువు కొంచెం పెరిగినా సర్దుకుంటాను. వెడల్పు పెరిగితే మాత్రం ఈ కారులో నాకు నచ్చిన వాటిలో సగం పోయినట్టే.

పాత లెక్కలు చూస్తే ఈ బెంగ ఎందుకో తెలుస్తుంది. 1989లో షికాగో ప్రదర్శనలో తొలిసారి కనిపించిన మొదటి తరం కారు పొడవు 3,970 మిల్లీమీటర్లు, వెడల్పు 1,675, బరువు 950 కిలోలకు అటూ ఇటూ. 2005 నాటి మూడో తరానికి వచ్చేసరికి బరువు 1,100 కిలోల దరికి చేరింది. 2015లో అమ్మకానికి వచ్చిన నాలుగో తరంలో ఇంజినీర్లు దాన్ని వెనక్కి లాగారు. పొడవు 3,915కి దిగింది, అంటే మొదటి కారు కన్నా తక్కువ. జపాన్‌లో అమ్మిన ప్రాథమిక రకం 990 కిలోలే తూగింది. మరి వెడల్పు? 1,675, 1,680, 1,720, 1,735. తరం మారినప్పుడల్లా పెరిగిందే తప్ప ఒక్కసారీ తగ్గలేదు. పక్క నుంచి గుద్దుకున్నప్పుడు లోపలివారిని కాపాడాలంటే తలుపు మందంగా ఉండాలి, తలుపుకూ మనిషికీ మధ్య కొంత ఖాళీ కావాలి. కారణం న్యాయమైనదే. అయినా బరువు తగ్గించడానికి పడినంత పట్టుదల వెడల్పు విషయంలో కనిపించదు.

వెడల్పు ఎందుకంత ముఖ్యమో సీటులో కూర్చుంటే అర్థమవుతుంది. ముందు అద్దంలోంచి చూస్తే ముందు చక్రాల మీది మడ్‌గార్డుల ఉబ్బులు రెండూ కనిపిస్తాయి. చక్రం ఎక్కడుందో ఊహించక్కర్లేదు, కళ్లెదుటే ఉంటుంది. సన్నని రోడ్డు మీద మలుపు తిరిగేటప్పుడు నా వరుసలోనే కారును కొంచెం అటూ ఇటూ జరుపుకునే చోటు మిగులుతుంది. మలుపుకు ముందు బయటి అంచుకు జరిగి, మధ్యలో లోపలి అంచును తాకి, మళ్లీ బయటికి రావచ్చు. ఇదంతా గీత దాటకుండానే. 1,850 వెడల్పున్న కారులో అదే రోడ్డు మీద గీతల మధ్య నిలబడటమే పని అవుతుంది. ఎంత శక్తి ఉన్నా ఆ ఆట ఉండదు.

1,850 అన్నది గాలి లెక్క కాదు. 2023లో టోక్యోలో మాజ్డా చూపిన ఐకానిక్ ఎస్పీ నమూనా కారు కొలత అది. పొడవు 4,180, బరువు 1,450 కిలోలు, శక్తి 370 పీఎస్ (మెట్రిక్ హార్స్‌పవర్). చూడముచ్చటైన కారు, సందేహం లేదు. శక్తిని బరువుతో పోలిస్తే నా కారు దాని ముందు తేలిపోతుంది. కానీ ఆ నిష్పత్తి పనికొచ్చేది తిన్నని రోడ్డు మీదే. టైరు మీద భారం రెట్టింపైతే పట్టు రెట్టింపు కాదు, అంతకన్నా తక్కువే పెరుగుతుంది. బరువైన కారును మలుపులో నిలబెట్టాలంటే వెడల్పాటి టైర్లు కావాలి, వాటికి పెద్ద చక్రాలు, వాటిని ఆపడానికి పెద్ద బ్రేకులు, వీటన్నిటినీ మోయడానికి బలమైన సస్పెన్షన్. ఒక బరువు ఇంకో బరువును వెంటబెట్టుకొస్తుంది.

నాలుగో తరంలో ఇదే గొలుసును తిరగేసి నడిపారు. బానెట్, డిక్కీ మూత, ముందు మడ్‌గార్డులు అల్యూమినియంతో చేశారు. కారు తేలికైంది కాబట్టి చక్రానికి మూడో తరంలోని ఐదు బోల్టుల బదులు నాలుగే సరిపోయాయి. నా కారుకు 195 మిల్లీమీటర్ల వెడల్పు, 16 అంగుళాల టైర్లు. అవి తీరిగ్గా అరుగుతాయి, బ్రేకు ప్యాడ్ల గురించి తలచుకునే సందర్భమే అరుదు. తేలికదనం వల్ల కలిగే ఈ లాభాన్ని ప్రకటనల్లో ఎవరూ చెప్పరు.

ఇంత తేలికైన కారులో చిన్న బరువు కూడా లెక్కలోకి వస్తుంది. ట్యాంకు నిండా పోయించిన 40 లీటర్ల పెట్రోలు సుమారు 30 కిలోలు. పక్కన ఒక మనిషి కూర్చుంటే కారు బరువు 7 శాతం దాకా పెరిగినట్టే. రోజూ వెళ్లే దారిలోని ఎత్తు మీద, ఒంటరిగా ఉన్నప్పుడు నాలుగో గేరులో లాగే చోట, తోడు ఉంటే మూడుకు దించుతాను.

దీనికి చెల్లించే మూల్యమూ ఉంది. డిక్కీ 130 లీటర్లే. ముందు అరలు లేవు, ఉన్న పెట్టె ఒక్కటీ రెండు సీట్ల మధ్య వెనక ఉంది. పైకప్పు మూసినా హైవే మీద గాలి హోరు వినిపిస్తుంది. నాకు ఇవేవీ పెద్ద విషయాలు కావు. కూర్చున్నచోటి నుంచే ఒక్క చేత్తో కొక్కెం తీసి వెనక్కి తోస్తే పడిపోయే ఈ పైకప్పుకు బదులు మోటారు పెట్టి బరువు పెంచమని ఎవరైనా అడిగితే మాత్రం ఒప్పుకోను.

కొత్త కారు బరువు వెల్లడైన రోజున వాదనలకు దిగేవారికి ఒక మాట. యూరప్ లెక్కలో 75 కిలోల డ్రైవరును కూడా కలుపుతారు. జపాన్ లెక్కలో కలపరు. ఒకే కారు ఒకచోట టన్ను లోపు, ఇంకోచోట టన్ను పైన కనిపించేది అందుకే. పైగా వెయ్యి కిలోల లోపు అనే పేరు తెచ్చుకునేది సాధారణంగా అన్నిటికన్నా తక్కువ సామగ్రి ఉన్న రకమే. 990 కిలోల కారుకు వెనక యాంటీరోల్ బార్ (మలుపులో కారు ఒరగడాన్ని తగ్గించే కడ్డీ) కూడా లేదు. 2024 మార్పుల్లో ఎలక్ట్రానిక్ వ్యవస్థలు కొత్తవి పెట్టేసరికి అదే ప్రాథమిక రకం 1,010 కిలోలైంది. బాడీ మారలేదు, ఇంజిన్ మారలేదు, 20 కిలోలు వచ్చి చేరాయి.

టన్ను లోపు బరువు, 4 మీటర్ల లోపు పొడవు, 2.5 లీటర్ల ఇంజిన్ అన్నవి తర్వాతి తరం గురించి ఇప్పుడు వినిపిస్తున్న మాటలు. మొదటి రెండూ చెవికి ఇంపుగానే ఉన్నాయి. మూడోదానితోనే అనుమానం. పెద్ద ఇంజిన్ అంటే ముక్కు మీద బరువు, ఎక్కువ టార్కును, అంటే తిప్పే బలాన్ని, తట్టుకునే గేరుబాక్సు, ఆ బలాన్ని రెండు వెనక చక్రాలకూ పంచే డిఫరెన్షియల్. గొలుసు మళ్లీ మొదలవుతుంది. పూర్తి విద్యుత్ కారు మాట వస్తే, 50 కిలోవాట్ అవర్ల బ్యాటరీ ఒక్కటే 300 కిలోలకు పైగా తూగుతుంది. ఈ కొలతల కారులో దానికి చోటెక్కడ?

నా వరకు 1,050 కిలోలైనా సరే, 3,950 పొడవైనా సరే. 205 మించని టైర్లు ఉంటే మేలు. వెడల్పు 1,750 దాటితే కొత్తదాన్ని ఒకసారి నడిపి చూస్తాను గాని, ఉన్నదాన్ని అమ్మను.