తార్నాక నుంచి నిజాంపేటకు ఉప్పునీటి అక్వేరియం: 14 నెలల తర్వాత

ఇల్లు మారడంలో సామానంతా ఒక ఎత్తు, నాలుగడుగుల ఉప్పునీటి అక్వేరియం ఒక్కటీ ఒక ఎత్తు. హైదరాబాద్ తార్నాకలో అద్దె ఇంట్లో ఆరేళ్లు పెంచిన ట్యాంకును నిజాంపేట ఫ్లాటుకు తెచ్చి 14 నెలలైంది. ఆ రోజు కొన్నవాటిలో ఏది ఇంకా పనికొస్తోందో, ఏది దండగ అయిందో ఇప్పుడు ధైర్యంగా చెప్పగలను. తెచ్చిన మర్నాడే రాసి ఉంటే అన్నింటికీ అయిదుకు అయిదు వేసేవాణ్ణి.

ట్యాంకులో ఉన్నవి ఇవి: ఒక జత క్లౌన్ చేపలు, ఒక క్లీనర్ రొయ్య, తోలు పగడం, జోయాంథిడ్లు (రాళ్ల మీద గుంపుగా పెరిగే పగడాల్లాంటి మెత్తని జీవులు), ఇంకా ఒకే బొరియలో కాపురముండే పసుపు గోబీ చేప, పిస్టల్ రొయ్య. రాతి పగడాలు 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూలులో ఉన్నాయి కాబట్టి వాటి జోలికి వెళ్లలేదు.

సామాను తరలించే వాళ్లను పిలిస్తే, ట్యాంకు చుట్టూ ఒకసారి తిరిగి "గాజుకు గ్యారంటీ లేదు సార్, నీళ్లకు అసలే లేదు" అన్నారు. నిజాయితీ గల మాటే. మిగతా మంచాలూ బీరువాలూ వాళ్లకు అప్పగించి, దీనికి మాత్రం ఒక ట్రాలీ ఆటో, నలుగురు మనుషులను మాట్లాడుకున్నాను. పదిమిల్లీమీటర్ల గాజు కాబట్టి ఖాళీ ట్యాంకే 50 కిలోలు. నీళ్లు, రాళ్లు, స్టాండు, కింది సంప్ (నీళ్లను వడగట్టే చిన్న తొట్టె) కలిస్తే 450కి దగ్గర. ఇళ్ల అంతస్తులను చదరపు మీటరుకు సుమారు 200 కిలోల బరువు లెక్కన కడతారు కాబట్టి, కొత్త ఇంట్లో దాని చోటును హాలు అందం చూసి కాక దూలం ఎక్కడుందో చూసి నిర్ణయించాను.

గృహప్రవేశం మాఘమాసంలో. పాలు పొంగించిన రోజే చేపలు కూడా రావాలని అమ్మ పట్టు. "ప్రాణమున్నవాటిని పాత ఇంట్లో వదిలేసి వస్తారా?" అంది. నేను ఆదివారం దాకా ఆగాను. ఆ నాలుగు రోజుల్లో కొత్త ఇంట్లో 100 లీటర్ల ఉప్పునీరు కలిపి, పంపు, హీటరు పెట్టి సిద్ధంగా ఉంచగలిగాను. సాంద్రత 1.025, వేడి 26 డిగ్రీలు, రెండు చోట్లా ఒకటే. ఈ ఆలస్యం వల్లే సగం పని సాఫీగా సాగింది.

ఇక వస్తువులు. 20 లీటర్ల తాగునీటి క్యాన్లు ఎనిమిది తీసుకున్నాను. పాత నీళ్లు 160 లీటర్లు వాటిలోనే వచ్చాయి. మూత గట్టిది, ఒక్క మనిషి మోయగలడు, లిఫ్టులో చుక్క కారలేదు. "నీళ్లు కారితే ప్రెసిడెంటు గారు ఊరుకోరు సార్" అని నాలుగో అంతస్తు దాకా వెంట వచ్చిన వాచ్‌మన్ కాస్త నిరాశపడ్డట్టు కనిపించాడు. రాంనగర్ చేపల మార్కెట్లో అడిగి తెచ్చుకున్న థర్మోకోల్ డబ్బాలు ఇంకా మెరుగు. మూడుసార్లు కడిగినా నీచు వాసన పోలేదు గానీ, ఆ చలి పొద్దున అయిదు గంటల్లో నీటి వేడి ఒక్క డిగ్రీయే తగ్గింది.

బ్యాటరీ ఎయిర్ పంపు 1,600 రూపాయలు. డబ్బా మీద 20 గంటలని రాసి ఉంది, నాకు కొత్తలోనే తొమ్మిది వచ్చాయి, ఇప్పుడు ఆరు. అయినా పారేయలేదు. గాలివానకు కరెంటు పోయిన మే నెల సాయంత్రాల్లో ట్యాంకును కాపాడింది అదే.

చేపలను చివర్లోనే పట్టాలి. జానెడు నీళ్లు మిగిలేదాకా వాటి వెంటపడడం వృథా శ్రమ. అంతకుముందు రోజు నుంచి తిండి ఆపేశాను. జోయాంథిడ్ల కొన్ని రకాల్లో పాలీటాక్సిన్ అనే తీవ్రమైన విషం ఉంటుంది. గ్లవ్స్, కళ్లద్దాలు లేకుండా ఆ రాళ్లను తాకవద్దు, వేడినీళ్లతో అసలే కడగవద్దు. రాళ్లు దారి పొడవునా నీళ్లలోనే ఉన్నాయి. మురికిని శుద్ధి చేసే బ్యాక్టీరియా కాపురం ప్రధానంగా రాళ్ల మీదే, నీళ్లలో చాలా తక్కువ.

దెబ్బతిన్నది ఇసుక దగ్గర. అడుగున ఆరేళ్ల ఇసుకలో చిన్న పార పెట్టగానే సిరా ఒలికినట్టు నల్లటి పొర బయటపడింది. కుళ్లిన కోడిగుడ్డు వాసన ఇల్లంతా. వంటింట్లోంచి మా ఆవిడ పరుగెత్తుకొచ్చి "ఏమండీ, గ్యాస్ లీకవుతోందా?" అంది. గాలి తగలని ఇసుకలో పేరుకున్న మురికి అది. కదిపితే నీళ్లను విషం చేస్తుంది. పాత ఇసుక మొత్తం పారేయాలని నాకు తెలియక కాదు. గోబీకి, రొయ్యకు ఇల్లంటూ ఉండాలన్న జాలితో పైపొర ఒక బకెట్ దాచాను. దాన్నైనా నీళ్లు తేటపడేదాకా కడగాల్సింది. బారెడు పొద్దెక్కింది, ఆటో మీటరు తిరుగుతోంది, రెండుసార్లు జాడించి సరిపెట్టుకున్నాను.

మొదటి రెండు రోజులు నీళ్లలో అమ్మోనియా (మురికి కుళ్లితే పుట్టే విషం) సున్నా. మూడో రోజు సాయంత్రం 0.5 పీపీఎం. మంచినీళ్ల ట్యాంకులో అదే అంకె అంత భయపెట్టదు, పీహెచ్ 8.2 ఉన్న ఉప్పునీళ్లలో అమ్మోనియా విషం చాలా ఎక్కువ. రాత్రికి రాత్రి 60 లీటర్లు మార్చి ఆ ఇసుక తోడేశాను. క్లౌన్ చేపలు తట్టుకున్నాయి. గోబీ నాలుగో రోజు పొద్దున పోయింది.

పిస్టల్ రొయ్యకు చూపు మందం. బొరియ బయటికి వచ్చినప్పుడల్లా ఒక మీసాన్ని గోబీ వీపు మీద ఆనించి ఉంచుతుంది. గోబీ తోక ఆడిస్తే ప్రమాదమని లోపలికి దూరుతుంది. గోబీ పోయాక రొయ్య కొత్త రాయి కింద, ఖాళీ గాజు అడుగున, మీసం చాచి ఎడమకూ కుడికీ తడుముకుంటూ ఉండేది. మూడు వారాలు దాని చప్పుడే లేదు.

ఊహించని ఖర్చు ఒకటి మిగిలింది: నీళ్లు. తార్నాక కుళాయి నీళ్లు నా మీటరు మీద టీడీఎస్ (నీళ్లలో కరిగిన లవణాల కొలత) 280 చూపేవి, ఇక్కడి బోరు 1,140. ట్యాంకుకు పోసే నీళ్లలో ఆర్ఓ వదిలేసిన లవణాలను పట్టే డీఐ రెజిన్ గుళికలు అక్కడ ఎనిమిది నెలలు వచ్చేవి, ఇక్కడ మూడు నెలలు కూడా రావడం లేదు. ఇప్పుడు మునిసిపల్ నీళ్లు వచ్చే రోజునే ఆర్ఓ నడిపి డ్రమ్ములు నింపుకుంటున్నాను. ఇల్లు చూడడానికి వెళ్లినప్పుడు గుమ్మం ఏ దిక్కుకు ఉందో చూసిన మనిషిని, జేబులోని మీటరు కుళాయి కింద పెట్టడం తోచలేదు.

మార్కులు: క్యాన్లకు అయిదుకు అయిదు, థర్మోకోల్ డబ్బాలకు నాలుగు, వాసన మూలంగా. పంపుకు మూడు. నా ఇసుక తెలివికి సున్నా.

ఆరు నెలల తర్వాత బాగా కడిగిన కొత్త ఇసుక రెండంగుళాలు వేసి, మరో గోబీని తెచ్చాను. అయిదో రోజుకు రెండూ ఒకే బొరియలో ఉన్నాయి. రొయ్య తన పెద్ద కొండిని ఠక్కున మూస్తే అచ్చం గాజు పగిలినట్టే వినిపిస్తుంది. మొదట్లో రాత్రిళ్లు అమ్మ ఉలిక్కిపడి లైటు వేసేది. ఇప్పుడు హాల్లోంచి టప్‌మని వినిపిస్తే "రొయ్యేలే" అని అటు తిరిగి పడుకుంటోంది.