రోబో సెక్రటరీ ఉన్న డిటెక్టివ్‌కు డబ్బు కట్టేముందు ఇది చదవండి

పెళ్లి సంబంధం విచారణ కోసం ప్రైవేటు డిటెక్టివ్‌ను వెతుకుతున్నవారు ఒక్క నిమిషం ఆగండి. నేను 28,000 రూపాయలు పోగొట్టుకున్నాను. డబ్బు సంగతి అటుంచితే, మా మేనకోడలి ఫొటోలు, నా ఆధార్ కాపీ ఇప్పుడు ఎవరి చేతిలో ఉన్నాయో తెలియదు.

ప్రకటన ముచ్చటగానే ఉంది. 2050 నాటి పరిశోధన మీకు ఈ రోజే, అని రాశారు. పొడవాటి కోటు, టోపీతో డిటెక్టివ్, పక్కన నోటుపుస్తకం పట్టుకున్న వెండిరంగు రోబో సెక్రటరీ. మే నెలలో, విజయవాడ ఎండలో, నిండు కోటు వేసుకున్న మనిషి బొమ్మ చూసినప్పుడే నాకు అనుమానం రావలసింది. రాలేదు. చిన్నప్పుడు అద్దె పుస్తకాల షాపులో డిటెక్టివ్ నవలలు నమిలి మింగినవాళ్లకు ఆ కోటు ఒక బలహీనత.

ఫోను ఎత్తింది రోబో సెక్రటరీయే. చక్కటి తెలుగు, మాటమాటకూ "అండీ". వివరాలన్నీ వాట్సాప్‌లో పంపమంది. డబ్బు మాత్రం ఎవరిదో సొంత యూపీఐ ఖాతాకు. జీఎస్టీ బిల్లు అడిగితే పని పూర్తయ్యాక ఇస్తామంది. ఇక రోజూ రాత్రి 9 గంటలకు నివేదిక: "అబ్బాయి 8.40కి ఆఫీసుకు బయలుదేరారు. ప్రవర్తన సంతృప్తికరం."

రెండో ఆదివారం అబ్బాయి తల్లిదండ్రులతో కలిసి మా అక్కయ్య ఇంటికి భోజనానికి వచ్చాడు. నేను పులిహోర వడ్డిస్తుంటే జేబులో ఫోను మోగింది. "అబ్బాయి ప్రస్తుతం బెంగళూరులో స్నేహితులతో కాఫీ హోటల్లో ఉన్నారు", ఫొటోతో సహా. ఎదురుగా అబ్బాయేమో "చాలండీ, చాలు" అంటూ విస్తరికి చేయి అడ్డం పెడుతున్నాడు.

వంటింట్లోకి వెళ్లి ఫొటో పెద్దది చేసి చూశాను. బయోడేటాలో ఉన్న ముఖమే, అదే నవ్వు, అదే చొక్కా. హోటలు బోర్డు మీద కన్నడ. ఆ లిపి మనకు సగం చదవగలిగినదే కదా, కూడబలుక్కోబోతే అందులో ఒక్కటీ ఏ భాష అక్షరమూ కాదు. తలకట్టు మాత్రం అన్నింటికీ ఉంది.

డిటెక్టివ్‌గారితో మాట్లాడాలని 11 సార్లు ఫోను చేశాను. "సార్ ఫీల్డులో ఉన్నారండీ." కోప్పడితే, మీ బాధ అర్థమైందండీ అని, ఆ వెంటనే 15,000 కడితే అబ్బాయి కాల్ రికార్డులు తెప్పిస్తానంది. ఈ వలలో మాత్రం పడకండి. అవి చట్టప్రకారం దర్యాప్తు సంస్థలకు అందేవే తప్ప మనం కొనుక్కునేవి కావు. 2018లో మహారాష్ట్రలోని ఠాణే నగర పోలీసులు ఇలాంటి కేసులోనే ప్రైవేటు డిటెక్టివ్‌లను అరెస్టు చేశారు.

"ప్రభుత్వ లైసెన్సు" అన్న మాటకూ పడిపోకండి. మన దేశంలో డిటెక్టివ్‌లకంటూ ప్రత్యేక లైసెన్సు చట్టమే లేదు. 2005 నాటి చట్టం సెక్యూరిటీ గార్డుల ఏజెన్సీలది. డిటెక్టివ్‌ల కోసం 2007లో రాజ్యసభలో పెట్టిన బిల్లు చట్టం కాలేదు. నాకు చూపించింది చిన్న వ్యాపారాలకు ఇచ్చే ఉద్యమ్ నమోదు పత్రమని ఆడిటర్ మిత్రుడు తర్వాత చెప్పాడు. బజ్జీల బండికీ అది వస్తుంది. ఆఫీసుకు వెళ్లి, మనిషిని చూసి, ఏం చేస్తారో కాగితం మీద రాయించుకున్నాకే పైసా ఇవ్వండి.

సంబంధం సంగతా? బెంగళూరులోనే ఉంటున్న మా పెదనాన్న మనవడు ఒక సాయంత్రం వెళ్లి కనుక్కుని వచ్చాడు. ఖర్చు బస్సు చార్జీ. అక్కయ్యకు మాత్రం డిటెక్టివ్ గొడవ ఇంకా చెప్పలేదు.

మోసపోయామని తెలిసిన వెంటనే సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి ఫోను చేయాలి. డబ్బు చేతులు మారకముందే ఖాతాలో ఆపించే అవకాశం ఉంటుంది. నేను పరువు గురించి ఆలోచిస్తూ నాలుగు రోజులు పోగొట్టాను. వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915లో ఫిర్యాదు నమోదైంది. చెల్లించిన సొమ్ము 5 లక్షల లోపైతే జిల్లా వినియోగదారుల కమిషన్‌లో ఫీజు లేదు కాబట్టి అక్కడికీ వెళ్తున్నాను. నోటీసు పంపడానికి ఆఫీసు చిరునామా కావాలని నిన్న రోబోనే అడిగాను.

"సార్ ఫీల్డులో ఉన్నారండీ."