ప్లాన్ మీద అభిప్రాయం చెప్పమన్న యాప్: ఐదుకి రెండు స్టార్లు

రెండు వారాలు వాడి రాస్తా ఉండా, అదీ నా ఒక్కడి కోసం కాదు. నెల్లూర్లో మాది జిరాక్స్, ఆన్‌లైన్ అప్లికేషన్ల షాపు, కరెంటు బిల్లు కాడ్నించి పాస్‌పోర్టు దాకా అన్నీ కడతాం, అందుకని మా ఊరికి గీసిన కొత్త మాస్టర్ ప్లాన్ మీద అభ్యంతరాలుంటే యాప్‌లో పెట్టండి అని చెప్పంగానే పేటంతా మా కౌంటర్ ముందుకే వచ్చింది. చేసిన కంపెనీ పేరు, చేయించిన ఆఫీసు పేరు రాయను, రేపు మళ్ళీ వాళ్ళతోనే పని.

బాగున్నది ముందు చెప్తా. మామూలుగా మాస్టర్ ప్లాన్ అంటే ఒక పేద్ద పీడీఎఫ్, ఫోన్లో తెరిస్తే గుండ్రంగా తిరగతానే ఉంటది, తెరుచుకున్నా పసుపంటే ఇళ్ళు, నీలమంటే షాపులు, ఊదా అంటే ఫ్యాక్టరీలు అని తెలిసినోడికే దాని సంగతి. ఇందులో మన జాగా మీద నొక్కితే ఏ జోన్లో పడిందో, ముందున్న రోడ్డు ఎన్ని అడుగులు చేస్తారో తెలుగులోనే చూపిస్తాది. ఒక స్టారు దానికే.

చిక్కంతా ఆ పిన్నుతోనే. మ్యాపులో పిన్ను గుచ్చితే గానీ ఒక్క ముక్క రాయనీదు. మనోళ్ళేమో అండర్ బ్రిడ్జి దాటినాక ఎడం పక్క రెండో సందు, వేపచెట్టు ఎదురుగా అని చెప్తారు, సెర్చ్‌లో కొడితే ఏమీ రాదు, దానికి సర్వే నంబరు కావాలంట. సర్వే నంబరు తెలిసినోడు మా షాపుకెందుకు వస్తాడు?

పెన్నా ఒడ్డు, భగత్‌సింగ్ కాలనీ వైపు నించి ఒక పెద్దామె వచ్చింది. 2021 నవంబర్ వరదకి నీళ్ళు ఏ సందులోంచి జొరబడినాయి, ఏ గోడ కాడ ఆగినాయి, అంతా ఆమెకి నోటికొచ్చు. "ఇదో నాయనా, ఇట్టొచ్చి ఇట్ట తిరుక్కున్నాయి" అని స్క్రీన్ మీద వేలితో గీసింది. ఆమె గీసేకొద్దీ మ్యాపు జరిగిపోతా ఉండాది, చివరాఖరికి పిన్ను పోయి ఏటి మధ్యలో పడింది. "నా కొంప ఇసకలో పెట్టినావేంది అబ్బయా" అని నవ్వేసింది, నాకే తల కొట్టేసినట్టయింది. గీత గీసేదానికి ఆప్షనే లేదు, చుక్క ఒకటే. వరద నీళ్ళు చుక్కలో ఉంటాయా, దారెమ్మటి వస్తాయి గానీ. పోనీ ఆమె మాట రికార్డు చేసి పెడదామంటే మైకు బటన్ కూడా లేదు, నేనే కూర్చుని టైపు కొట్టా, అది కూడా 200 అక్షరాలకి ఆగిపోయింది.

ఇంకోటి, పంపినాక "మీ అభిప్రాయం స్వీకరించబడింది" అని వస్తాది, అంతే సంగతులు. పక్కోడేం రాశాడో కనపడదు, మనం రాసింది ఎవరు చదివారో తెలీదు. విజయవాడలో ప్లానింగ్ చదివే మా బామ్మర్ది చెప్పేదేందంటే ఇంగ్లాండులో 2007లోనే ఫిక్స్‌మైస్ట్రీట్ అని ఒక వెబ్‌సైటు పెట్టారంట, రోడ్డు మీద గుంత ఫోటో పెడితే ఏ ఆఫీసుకి పోవాలో అదే పంపిస్తాది, ఊళ్ళో అందరికీ కనపడతాది కూడా. బార్సిలోనాలో 2016 నించి డెసిడిమ్ అనే వెబ్‌సైటు నడస్తా ఉండాది, దాంట్లో జనం పెట్టిన ప్రతిపాదన ఒప్పుకున్నారా లేదా, లేకపోతే ఎందుకని, అన్నీ చూపించే ఏర్పాటు ఉందంట, పైగా సాఫ్ట్‌వేర్ ఎవరైనా ఉచితంగా తీసుకోవచ్చు. 1969లో షెర్రీ ఆర్న్‌స్టీన్ అనే ఆమె జనం భాగస్వామ్యానికి ఎనిమిది మెట్లు రాసిందంట, ఊరికే అభిప్రాయం అడిగేది నాలుగోది. మన యాప్ నాలుగో మెట్టు మీదే చెప్పులిప్పి కూర్చున్నట్టుంది అంటాడు వాడు. సర్లే, వాడికి మార్కులు కావాలి, నాకు గిరాకీలు కావాలి.

మూడో రోజు విసుగొచ్చి ఆ మ్యాపుని స్క్రీన్‌షాట్లు తీసి, ముక్కలు ముక్కలుగా ఏ3 మీద ప్రింట్ కొట్టి, అతికించి షాపు అద్దానికి తగిలించి పక్కన ఎర్ర స్కెచ్ పెన్ను దారం కట్టి పెట్టా. సాయంత్రానికి చూస్తే వానొస్తే నీళ్ళు నిలిచే అండర్ బ్రిడ్జీలు, మూసేసిన కాలవలు, స్కూలు పిల్లోళ్ళు రోడ్డు దాటే చోటు, అన్నీ గీసి ఉండాయి. పెద్దామె కూడా మళ్ళీ వచ్చి తన నీళ్ళ దారి గీసుకుని పోయింది, ఈసారి ఇల్లు ఒడ్డు మీదే ఉండాది.

ఆ షీటు ఎవరికియ్యాలని ఫోన్ చేసి అడిగితే స్కాన్ చేసి యాప్‌లోనే అప్‌లోడ్ చెయ్యమన్నారు. చేశా. ఫైల్ 2 ఎంబీ దాటకూడదంట.