15 అడుగుల రేకుల షెడ్డుకి ఎంత వాటం? ఏళ్లు వాడాక చెప్పే మాట

15 అడుగుల వెడల్పు, ఒంటి వాటం, 0.5 మి.మీ. కలర్ కోటెడ్ రేకులు. ఇలాంటి షెడ్డుకి ఆరడుగులకి అడుగు చొప్పున రెండున్నర అడుగుల వాటం పెట్టి ఏళ్ల తరబడి వాడుతున్నాం. చుక్క కారలేదు. అంతకు తగ్గించొద్దనే నా సలహా. వెల్డర్లు సాధారణంగా "అడుగు చాలు సార్, నీళ్లు పోతాయి" అంటారు. పోతాయి, నిజమే. కానీ గాలివానలో అంత తక్కువ వాటం మీద నీళ్లు నెమ్మదించి, రేకు మీద రేకు ఎక్కిన అంచు సందులోకి పాకుతాయి. వేపాకు, దుమ్ము గాడుల్లోనే పేరుకుంటాయి. స్క్రూలు దించినప్పుడు రాలిన ఇనుప రజను దిగువ అంచున ఆగి తుప్పు మచ్చలు కడుతుంది. వాటం ఎంతున్నా ఆ రజను అదే రోజు చీపురుతో ఊడ్చేయాలి.

లెక్క అడ్డకొలత మీద వేయాలి, రేకు పొడవు మీద కాదు. 15ని 6తో భాగిస్తే 2.5. దిగువ స్తంభం 8 అడుగులైతే ఎగువది పదిన్నర. ఏటవాలు కొలత 15 అడుగుల రెండున్నర అంగుళాలు. కింద అడుగు చూరు, పైన అరడుగు కలుపుకుని 17 అడుగుల రేకు తెప్పించండి. మధ్యలో అతుకు లేకపోవడమే సగం ధీమా. చూరు దగ్గర ఎత్తు మరో 2 అంగుళాలు తగ్గుతుంది, తలుపు అటే ఉంటే ముందే చూసుకోవాలి.

స్తంభాల ఎత్తు నేల నుంచి కొలవొద్దు. లెవల్ పైపులో బుడగల్లేకుండా నీళ్లు నింపి, రెండు వైపులా ఒకే మట్టానికి గుర్తు పెట్టి, ఎగువ వైపు ఆ గుర్తు మీద 30 అంగుళాలు కలపాలి. ఇప్పటికే కట్టిన షెడ్డయితే రెండడుగుల స్పిరిట్ లెవల్ ఒక కొస రేకుకి ఆనించి, బుడగ మధ్యకి వచ్చేదాకా రెండో కొస ఎత్తి కింది సందు కొలవండి. 4 అంగుళాలుంటే సరిపోయినట్టే. రెండే ఉంటే పక్క అతుకుల్లో నీళ్లు దూరకుండా సీలెంట్ టేపు తప్పదు.

స్క్రూ వాషరు రబ్బరు కాస్త నొక్కుకోగానే ఆపాలి. అతిగా బిగిస్తే రబ్బరు బయటికి ఉబ్బి ఎండకి చిట్లుతుంది, చుట్టూ రేకు గుంటపడి సరిగ్గా ఆ రంధ్రం దగ్గరే నీళ్లు నిలుస్తాయి. అప్పుడు ఏ వాటమూ కాపాడదు.

ఈ వాటంతో ఉన్న చిక్కల్లా గాలి. ఎగువ వైపు తెరిచి ఉంచితే తుపాను గాలి లోపలికి దూరి రేకుల్ని ఎత్తుతుంది. పర్లిన్లు (రేకుల్ని మోసే అడ్డ కమ్మీలు) మధ్యలో 4 అడుగులకి ఒకటి వేసినా అంచుల్లో 3 అడుగులకి వేయించండి. దిగువ వైపు వానగాలికి ఎదురుగా ఉండాలి: తెలంగాణలో పడమరకి, కోస్తాలో తుపాను గాలి ఎక్కువగా కొట్టే తూర్పుకి.