తడి పాలెట్టా, పొడి పాలెట్టా?

మే నెలలో అమలాపురంలో ఫ్యాన్ కింద కూర్చుని చిన్న బొమ్మలకు రంగులేస్తే పొడి పాలెట్ (రంగులు కలుపుకునే మామూలు ప్లేటు) సంగతి తెలిసిపోతుంది. పింగాణీ ప్లేటు మీద పెట్టిన యాక్రిలిక్ చుక్క ముఖం పూర్తయ్యేలోపే పొర కట్టేస్తుంది. నీరు ఆవిరై గట్టిపడ్డాక మళ్ళీ నీళ్ళు పోసినా కరగదు.

తడి పాలెట్ పెద్ద బ్రహ్మవిద్యేం కాదు. మూత గట్టిగా పట్టే టిఫిన్ డబ్బా, తడిపిన స్పాంజి, దానిపైన బేకింగ్ పేపర్. కాగితం గుండా చెమ్మ కొంచెం కొంచెంగా పైకి వచ్చి, రంగును గంటల తరబడి ఆరనివ్వదు. రాజమండ్రి దగ్గర గోదావరి మీదున్న హేవలాక్ వంతెన మోడల్‌ని 1:87 స్కేల్లో, అంటే అసలులో 87వ వంతుగా, చేస్తే, దాని పక్కన నిలబడే మనిషి రెండు సెంటీమీటర్లే. అంత చిన్న చొక్కాకి మూడు నాలుగు ఛాయలు కలపాలంటే నా ఓటు దీనికే.

కానీ వానాకాలం వేరు. తలుపులే ఉబ్బి బిగుసుకుపోయే కోనసీమలో, మూసిన తడి డబ్బా బూజుకి పుట్టిల్లు. పని అవగానే స్పాంజిని పిండి ఆరబెట్టాలి. గాలిలోనే అంత తేమ ఉన్నప్పుడు పొడి పాలెట్ మీద కూడా రంగు కాస్త నెమ్మదిగానే ఆరుతుంది.

వెండి, ఇత్తడి లాంటి లోహపు రంగులు మాత్రం ఎప్పుడూ ప్లేటు మీదే. తడి కాగితంపై వాటి మెరుపు రేణువులు పాకి పక్క రంగుల్ని పాడుచేస్తాయి. వాష్‌లకీ, అంటే బాగా పల్చగా కలిపిన రంగులకీ, గుంటలున్న ప్లేటే నయం.

రంగుల బ్రాండ్లలో వాయెహోది డ్రాపర్ సీసా, కాబట్టి చుక్కలు లెక్కపెట్టుకుని కలపొచ్చు. సిటడెల్ బ్రాండ్‌దైతే డబ్బాలోంచి బ్రష్‌తో తీయాలి, మూత అంచున రంగు ఎండితే గాలి దూరుతుంది.